సోషల్ నెట్‌వర్క్ సినిమాలో ఆ 0.03 శాతం సీను నిజంగా జరిగిందా?

ఆలస్యంగా చూసినవాణ్ణి:

మార్క్ జకర్‌బర్గ్ ఫేస్‌బుక్‌ని ఎలా మొదలుపెట్టాడో చెప్పే ఈ సినిమా వచ్చింది 2010లో, నేను చూసింది మొన్న రాత్రి. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నలుగురు కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని టకటకా కొట్టుకుంటుంటే అందులో చూడటానికేముందిలే అని ఇన్నేళ్ళూ పక్కన పెట్టేశా. తీరా పెట్టాక రెండు గంటలూ కదల్లేదు. మొదటి సీన్లో ఆ అబ్బాయీ ఆ అమ్మాయీ మాట్లాడుకునే స్పీడుకి సబ్‌టైటిల్స్ చదవడమే ఒక పనైపోయింది, రెండుసార్లు వెనక్కి తిప్పా.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఎడువార్డో సీను నన్ను వదలట్లేదు. మొదట డబ్బు పెట్టింది అతను, మొదటి రోజు నుంచీ పక్కనున్నదీ అతనే. సభ్యులు పది లక్షలు దాటారు, పార్టీ ఉంది రమ్మంటే సంబరంగా వస్తాడు. వచ్చాక లాయరు కాగితాలు ముందు పెడతాడు. మిగతా అందరి వాటా ఉన్నచోటే ఉంది, ఇతనొక్కడిదే 34 శాతం చిల్లర నుంచి 0.03 శాతానికి దిగిపోయింది. లెక్కలు రాక కాదు గానీ ఇది నా బుర్రకెక్కట్లేదు. నా వాటాని నన్నడక్కుండా ఎవరో ఎలా తగ్గిస్తారు? ఇంట్లో కుర్చీ ఎత్తుకుపోతే దొంగతనం అంటాం, మరి దీన్నేమంటారు?

ఇంకోటి. ఇదంతా నిజంగా జరిగిందేనా, సినిమా కోసం అల్లిందా? బతికున్న మనుషుల్ని అసలు పేర్లతో చూపించి, అందులో ఒకణ్ణి అంత రాతిగుండెవాడిగా నిలబెడితే కేసు వేయరా? నేనూ నా స్నేహితుడూ కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ పని మొదలుపెడదాం అనుకుంటున్నాం. ఈ సినిమా చూసినప్పట్నుంచి వాడి మొహం చూస్తే లేనిపోని అనుమానాలొస్తున్నాయి. సగం సరదాకే అంటున్నా. సగమే.

కాగితం పులి:

మీ కుర్చీ పోలికలోనే తిరకాసుంది. మీ కుర్చీని ఎవరూ ముట్టుకోరు. గదిలోకి ఇంకో వెయ్యి కుర్చీలు తెచ్చి వేస్తారు, అంతే.

కంపెనీలో 100 షేర్లున్నాయి, మీవి 34 అనుకోండి. 34 శాతం. బోర్డు కొత్తగా 400 షేర్లు పుట్టించి ఇంకెవరికో ఇచ్చింది. మీ 34 మీ దగ్గరే భద్రంగా ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. కానీ మొత్తం 500 అయింది కాబట్టి మీది ఇప్పుడు 6.8 శాతం. దీన్ని డైల్యూషన్ అంటారు, అంటే పలుచనైపోవడం. ఇందులో మోసమేమీ లేదు, బయటి డబ్బు తెచ్చుకునే ప్రతి కంపెనీలోనూ జరిగేదే. 2004 వేసవిలో పెట్టుబడిదారు పీటర్ థీల్ ఫేస్‌బుక్‌లో 5 లక్షల డాలర్లు పెట్టి 10.2 శాతం తీసుకున్నాడంటే ఆ 10.2 ఆకాశంలోంచి ఊడిపడలేదు, అప్పటికే ఉన్నవాళ్ళ వాటాల్లోంచే రావాలి.

మామూలుగా అయితే అందరూ కలిసి తగ్గుతారు. సినిమాలో కడుపు మండించేది అది కాదు. లాయరమ్మ ఒక్కొక్కరి పేరు చదివి వాళ్ళ వాటా ఎంతకి తగ్గింది అని అడుగుతుంటే, తగ్గలేదు, తగ్గలేదు, తగ్గలేదు అంటూ వచ్చి ఎడువార్డో చివర్లో తన అంకె చెప్తాడు చూడండి, అక్కడ. ఒక్కడిదే తగ్గాలంటే దారి ఒకటే: కొత్త షేర్లు మిగతావాళ్ళకి పంచాలి, అతనికి పంచకూడదు. నిజంలో జరిగింది కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే సినిమాలోలాగా ఒక్క మధ్యాహ్నంలో అయిపోలేదు. 2004 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో ఒక ఎల్ఎల్‌సీ, అంటే ఒక రకం చిన్న కంపెనీ, పెట్టారు, వాటాలు మార్క్‌కి 65, ఎడువార్డోకి 30, మార్క్ రూమ్మేట్ డస్టిన్ మోస్కోవిట్జ్‌కి 5. ఆ వేసవిలో మార్క్, డస్టిన్ కాలిఫోర్నియాలో పాలో ఆల్టోకి మకాం మార్చారు, ఎడువార్డో న్యూయార్క్‌లో ఉండిపోయాడు, ఇద్దరి మధ్యా మాటలు చెడ్డాయి. జూలైలో డెలావేర్‌లో కొత్త కార్పొరేషన్ పెట్టి పాత కంపెనీని దాని కిందికి తెచ్చారు. అక్టోబర్‌లో ఎడువార్డో కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు. 2005 జనవరిలో మార్క్, డస్టిన్, కంపెనీలో తర్వాత చేరిన షాన్ పార్కర్‌లకి పెద్దమొత్తంలో కొత్త షేర్లు వెళ్ళాయి, దాంతో ఎడువార్డో వాటా 10 శాతం కిందికి పడిపోయింది.

పది కింద అన్నా గానీ 0.03 అనలేదు. ఆ అంకె మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. 34 శాతాన్ని 0.03 చేయాలంటే 100 షేర్ల కంపెనీని లక్షా పదమూడు వేల షేర్ల పైచిలుకు కంపెనీ చేయాలి, అంటే వెయ్యి రెట్లు దాటి. ఏ లాయరూ ఇంత బహిరంగంగా చేయనివ్వడు, మొదటి విచారణలోనే జడ్జి నవ్వుతాడు. ఇంకో రకంగానూ చూడొచ్చు. 2012 మేలో ఫేస్‌బుక్ ఐపీఓకి వచ్చినప్పుడు, అంటే షేర్లు మొదటిసారి జనానికి అమ్మినప్పుడు, కంపెనీ విలువ 10,400 కోట్ల డాలర్లు. అందులో 0.03 శాతం అంటే 3 కోట్ల డాలర్ల చిల్లర. కానీ అప్పటికి ఎడువార్డో ఆస్తి వందల కోట్ల డాలర్లు. మధ్యలో కేసు వేశాడు, రాజీ అయింది, సహ వ్యవస్థాపకుడిగా పేరు తిరిగి వచ్చింది.

అయితే ఆ సీనులో అన్నిటికన్నా నిజమైన ముక్క అంకె కాదు. సంతకం. అతన్ని అడక్కుండా చేయలేదు, అతను సంతకం చేశాకే చేశారు. ఆ కాగితాలు పెట్టిన లాయర్లు నా లాయర్లే అనుకున్నా అంటాడు సినిమాలో. వాళ్ళు కంపెనీ లాయర్లు. ఆ తేడా తెలియక ఎంతమంది మునిగారో లెక్కలేదు.

సెమికోలన్:

కాగితం పులి గారు అంతా చెప్పేశారు, నేను నా సరదా ముక్క ఒకటి చెప్తా. సినిమాల్లో కంప్యూటర్ పనిని ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూపించింది చాలా తక్కువ. ఫేస్‌బుక్‌కి ముందు మార్క్ కట్టిన ఫేస్‌మాష్ అనే సైటు సీన్లో అతను పైకి చెప్పుకుంటూ పోయే మాటలు, ఏ హాస్టల్ సైటులో ఫొటోలు ఎలా దొరికాయి, ఎక్కడ చిన్న స్క్రిప్టు రాయాల్సి వచ్చింది, అవి చాలావరకు అసలు మార్క్ ఆ రాత్రి తన ఆన్‌లైన్ జర్నల్‌లో రాసుకున్నవే. పచ్చ అక్షరాలు జలపాతంలా కారే సినిమా హ్యాకింగ్ కాదు. వీగెట్, పెర్ల్, ఈమాక్స్, అన్నీ ప్రోగ్రామర్లు నిజంగా వాడేవే. ఆ పేర్లు వినగానే నేను సోఫాలో లేచి నిలబడ్డా.

కిటికీ అద్దం మీద ఎడువార్డో రాసే ఫార్ములా కూడా ఊరికే పెట్టింది కాదు. అది చదరంగంలో ఆటగాళ్ళకి రేటింగ్ ఇచ్చే ఎలో పద్ధతి. ఇద్దరి రేటింగుల తేడాని బట్టి ఎవరు గెలిచే అవకాశం ఎంత అని ముందు లెక్కేస్తారు. 400 పాయింట్ల తేడా ఉంటే పైవాడు గెలిచే అవకాశం నూటికి 91. ఊహించినట్టే జరిగితే పాయింట్లు కొంచెమే మారతాయి, కిందివాడు గెలిస్తే బాగా మారతాయి. ఇద్దరేసి అమ్మాయిల ఫొటోలు పక్కపక్కన పెట్టి ఎవరు అందంగా ఉన్నారో క్లిక్ చేయమనే సైటుకి దీన్ని వాడటం నీచమే, కానీ లెక్క ప్రకారం సరిగ్గా సరిపోతుంది.

2003 అక్టోబర్ చివర్లో ఆ సైటు కొన్ని గంటలే నడిచింది. దాదాపు 450 మంది వచ్చారు, 22,000 సార్లు ఫొటోలు చూశారు. అంటే మనిషికి 50 దాకా. ఈ రెండో అంకె దగ్గరే నేను ఆగిపోయా, ఒక్కసారి చూసి మూసేయలేకపోయారు జనం. తర్వాత కంపెనీ మొత్తం నిలబడింది ఆ 50 మీదే కదా.

ఎర్ర ఇంకు:

అందరూ లెక్కలు బాగానే చెప్తున్నారు గానీ ఆ సినిమాలో అతిపెద్ద అబద్ధం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఎరికా. ఆ అమ్మాయి లేదు. మొదటి సీన్లో వదిలేసి వెళ్ళే అమ్మాయి, ఆ కోపంలో పుట్టిన సైటు, చివర్లో ఆ అమ్మాయికే ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టి మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ కొట్టడం, సినిమా మొదలూ తుదీ దాని మీదే ఉన్నాయి. నిజంలో మార్క్‌కి ప్రిసిల్లా చాన్‌తో పరిచయమైంది 2003లోనే, 2012లో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె సినిమాలో లేదు. ఉన్న మనిషిని తీసేసి లేని మనిషిని పెట్టారు, ఎందుకంటే ఉన్న మనిషిని పెడితే ప్రతీకారం కథ నడవదు.

ఇంకా నాకు నచ్చనిది, ఈ సినిమాలో ఆడవాళ్ళు ఎందుకున్నారో చూడండి. వదిలేసి వెళ్ళడానికి ఒకరు, పార్టీల్లో కూర్చోడానికి కొందరు, కండువా తగలబెట్టడానికి ఒకరు. కాస్త బుద్ధిగా మాట్లాడే ఆ జూనియర్ లాయరు కూడా కల్పితమే. ఆ వాతావరణం అలాగే ఉండేదని చూపించడానికే అలా తీశాం అంటారు. అది నేను సగమే నమ్ముతా.

ఆలస్యంగా చూసినవాణ్ణి:

ఎరికా లేదా!! నేను సినిమా అయ్యాక ఆ అమ్మాయి ఇప్పుడు ఏం చేస్తుందో అని అరగంట వెతికా. దొరక్కపోతే పాపం ప్రైవసీ కోసం దాక్కుందేమో అనుకున్నా.

కాగితం పులి గారూ, కుర్చీల పోలికతో అర్థమైపోయింది, థాంక్స్. కానీ ఇంకో అనుమానం. ఎడువార్డో బ్యాంకు ఖాతా ఆపేసిన సంగతి నిజమా? అదైతే సినిమాలో నాకు అతని మీద కూడా కాస్త కోపం తెప్పించిన సంగతి.

కాగితం పులి:

నిజమే, 2004 వేసవిలో ఆపాడు. అటువైపు సర్వర్ల ఖర్చు రోజురోజుకీ పెరుగుతుంటే ఇటువైపు ఖాతా మూత. అతను మోసపోయాడు అనేది నిజం, అతను ఆ వేసవిలో కంపెనీ పక్కన లేడు అనేదీ నిజం. పనిచేయని భాగస్వామి వాటా ఏం చేయాలి అనే ప్రశ్నకి ముందే ఒక కాగితం మీద జవాబు రాసుకుని ఉంటే ఈ సినిమా ఉండేది కాదు. దానికి వెస్టింగ్ అనే పద్ధతి ఉంది. వాటా మొత్తం మొదటి రోజే చేతికి రాదు, సాధారణంగా నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా వస్తుంది, ఏడాది తిరక్కుండా వెళ్ళిపోతే ఏమీ రాదు. మీరూ మీ స్నేహితుడూ ఇంకేమీ రాసుకోకపోయినా అదొక్కటి రాసుకోండి. కొత్త షేర్లు పుట్టిస్తే ముందు పాతవాళ్ళకి వాళ్ళ వాటా మేరకు కొనుక్కునే హక్కు ఉంటుంది అనే వాక్యం కూడా.

మూడో వరస:

కాస్త పెద్దగా రాస్తా, ఓపికున్నవాళ్ళు చదవండి.

"నిజమా కాదా" అనే ప్రశ్న ఈ సినిమాని అడిగితే అది తెలివిగా తప్పించుకుంటుంది, ఎందుకంటే దాని కట్టుబడే అలా ఉంది. మనం చూసేది జరిగిన కథ కాదు, జరిగిందని కొందరు ప్రమాణం చేసి చెప్తున్న కథ. రెండు వేర్వేరు దావాలు, రెండు బల్లలు, రెండు చోట్లా లాయర్ల ముందు వాంగ్మూలాలు. ఒక బల్ల దగ్గర ఎడువార్డో, ఇంకో బల్ల దగ్గర మా సైటు ఐడియా మార్క్ కొట్టేశాడు అనే హార్వర్డ్ విద్యార్థులు వింకెల్‌వాస్ కవలలూ దివ్య నరేంద్రా. ప్రతి ఫ్లాష్‌బ్యాకూ ఎవరో ఒకరు నోరు తెరిస్తేనే మొదలవుతుంది. పైగా ఆ జూనియర్ లాయరు చేత రచయిత ఒక మాట చెప్పిస్తాడు, ఆవేశంగా చెప్పే సాక్ష్యంలో 85 శాతం అతిశయోక్తి అనుకుంటానని, మరి మిగతా 15 ఏంటి అంటే అది అబద్ధపు సాక్ష్యమని. సినిమాయే మన చేతికి తాళం చెవి ఇస్తోంది, నన్ను నమ్మొద్దు అని.

ఎవరి నోటి నుంచి కథ వచ్చిందో కూడా చూడాలి. దీనికి ఆధారమైన పుస్తకం బెన్ మెజ్‌రిచ్‌ది, 2009లో వచ్చింది. మార్క్ అతనితో మాట్లాడలేదు, ఎడువార్డో మాట్లాడాడు. ఆ పుస్తకం పూర్తికాకముందే, దాని ప్రతిపాదన చదివి ఆరన్ సోర్కిన్ స్క్రీన్‌ప్లేకి ఒప్పుకున్నాడు. అందుకే సినిమాలో మన గుండె ఎడువార్డో వైపు కొట్టుకుంటుంది. ఎడువార్డోగా వేసిన ఆండ్రూ గార్‌ఫీల్డ్ కళ్ళు మిగతా పని చేసిపెట్టాయి. మార్క్ వైపు నుంచి ఎవరైనా మొదట నోరు విప్పి ఉంటే, డబ్బు పెట్టి అడ్రస్ లేకుండా పోయిన భాగస్వామి కథ చూసేవాళ్ళం మనం. ఎడువార్డో కూడా సినిమా వచ్చాక ఇది వినోదం కోసం తీసింది, డాక్యుమెంటరీ కాదు అని రాశాడు.

మార్క్ స్పందన నాకు భలే నచ్చింది. 2010 అక్టోబర్‌లో స్టాన్‌ఫర్డ్‌లో మాట్లాడుతూ, నేను వేసుకునే చొక్కాలూ ఫ్లీసులూ మాత్రం అచ్చుగుద్దినట్టు దించారు అన్నాడు. మిగతాదాని గురించి, ఒక వస్తువు తయారుచేయడం ఇష్టం కాబట్టే ఒకడు తయారుచేస్తాడు అనే సంగతి సినిమావాళ్ళకి ఎక్కదు అని. సగం ఒప్పుకుంటా. డస్టిన్ కూడా ఇంచుమించు అదే అన్నాడు, ఆ ఏడాదంతా ఎక్కువగా పనీ టెన్షనే తప్ప అంత రంగులు లేవని. కానీ పనీ టెన్షనూ రెండు గంటలు చూపిస్తే మనలో ఎంతమందిమి కూర్చుంటాం? సోర్కిన్ ఆ విషయం దాచుకోలేదు, నా విధేయత నిజానికి కాదు, కథకి అని ముందే చెప్పేశాడు.

అతను మార్చింది "ఏం జరిగింది" అనేదాన్ని కాదు, చాలావరకు. తేదీలు, సైటు, కేసులు, డబ్బు, కొన్ని మెయిళ్ళు అన్నీ ఉన్నవే. మార్చింది "ఎందుకు" అనేదాన్ని. ఎందుకు అనేది ఏ కోర్టు కాగితంలోనూ ఉండదు, కాబట్టి ఎవరూ కాదనలేరు.

ఇక దర్శకుడు డేవిడ్ ఫించర్ పని. ఆ మొదటి సీను 99 టేకులు తీశారు. స్క్రిప్టు 162 పేజీలు, మామూలు లెక్కలో పేజీకి నిమిషం, అంటే రెండుగంటల నలభై నిమిషాలు పైమాటే. ఒక్క పేజీ కోయకుండా రెండు గంటల్లో సర్దారు, జనం ఊపిరి తీసుకోకుండా మాట్లాడబట్టి. మీరు సబ్‌టైటిల్స్ వెనక్కి తిప్పుకున్నది అందుకే. కథ జరిగిన హార్వర్డ్‌లో షూటింగ్ దొరక్క చాలా సీన్లు జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో తీశారు. ఆస్కార్లు మూడొచ్చాయి, స్క్రీన్‌ప్లేకి, ఎడిటింగ్‌కి, సంగీతానికి. ఆ సంగీతం గురించి మొదలుపెడితే ఆపలేను కాబట్టి వదిలేస్తున్నా.

ఎర్ర ఇంకు:

తాళం చెవి ఇచ్చింది సరే, ఎంతమంది తీసుకున్నారు? పైన ఆయన్నే చూడండి, లేని అమ్మాయి కోసం అరగంట వెతికారు. నన్ను నమ్మొద్దు అని ఒక డైలాగులో చెప్పి మిగతా రెండు గంటలూ నమ్మించడానికి 99 టేకులు తీయడం, అది నిజాయితీ ఎలా అవుతుందండీ? అసలు పేర్లు వాడుకున్నది ఎందుకు, నిజం అనే రుచి కోసమే కదా. పేర్లు మార్చి తీసుకుంటే నాకే ఇబ్బందీ లేదు.

మూడో వరస:

పేర్లు మార్చి తీస్తే ఇప్పుడు మనం ఇక్కడ కొట్టుకునేవాళ్ళం కాదు. 😄 కానీ మీ మాటలో బలం ఉంది, కాదనను. నేనైతే ఆ సినిమాని మార్క్ జీవితచరిత్రగా చూడను, స్నేహం లెక్కలోకి మారినప్పుడు ఏమవుతుందో చూపించే కథగా చూస్తా. అలా చూసే హక్కు నాకుంది, మార్క్ స్థానంలో ఉన్నవాడికి లేదు. అది ఒప్పుకుంటా.

కాగితం పులి:

కేసు ఎందుకు వేయలేదు అన్న ప్రశ్న మిగిలిపోయింది. అమెరికాలో ప్రముఖ వ్యక్తులు పరువునష్టం దావా గెలవడం చాలా కష్టం. 1964లో న్యూయార్క్ టైమ్స్, సలివన్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ పదవుల్లో ఉన్నవాళ్ళ విషయంలో ఒక గీత గీసింది, తర్వాత దాన్ని ప్రముఖులందరికీ వర్తింపజేశారు. చెప్పింది తప్పు అని చూపిస్తే చాలదు, అబద్ధమని తెలిసి చెప్పారనో, నిజమో కాదో ఏమాత్రం పట్టించుకోకుండా చెప్పారనో కూడా రుజువు చేయాలి. పైగా కేసు వేస్తే ఆ పాత మెయిళ్ళు, చాట్లు మళ్ళీ బల్ల మీదికి వస్తాయి. ఎవరికి కావాలి ఆ బాధ? ఫేస్‌బుక్ తెలివైన పని చేసింది, సినిమా విడుదలైన రోజు థియేటర్ బుక్ చేసి ఉద్యోగులందరినీ తీసుకెళ్ళింది.

సెమికోలన్:

కవలల గురించి ఎవరూ రాయలేదేంటి? నాకు సినిమాలో వాళ్ళే ఇష్టం. ఆరడుగుల ఐదంగుళాల మనుషులు, డబ్బున్న ఇల్లు, పడవ పందెంలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానం. అలాంటివాళ్ళకి అన్యాయం జరిగింది అని నమ్మించడమే సినిమాలో కష్టమైన పని.

వాళ్ళ వాదన ఐడియా దొంగతనం ఒక్కటే కాదు. మా సైటు కోడ్ రాస్తానని ఒప్పుకుని, వారాల తరబడి రేపు మాపు అని మెయిళ్ళు పెట్టి, ఈలోపు తన సైటు కట్టుకున్నాడు అనేది అసలు బాధ. 2004 జనవరి 11న దిఫేస్‌బుక్ (ఫేస్‌బుక్ మొదటి పేరు) డొమైన్ రిజిస్టర్ అయింది, ఫిబ్రవరి 4న సైటు తెరుచుకుంది. ఇక ఐడియా అంటారా, ఇలాంటిదే ఫ్రెండ్‌స్టర్ అనే సైటు 2002లోనే ఉంది, మైస్పేస్ 2003లో వచ్చింది, ఫేస్‌మాష్ గొడవ తర్వాత హార్వర్డ్ విద్యార్థి పత్రిక క్రిమ్సన్ కూడా యూనివర్సిటీ మొత్తానికి ఇలాంటి సైటు ఉండాలని సంపాదకీయం రాసింది. ఆ ఐడియా అప్పుడు అందరి నోట్లోనూ ఉంది. రాత్రుళ్ళు కూర్చుని కట్టింది ఒకడు. మాట ఇచ్చి తప్పడం వేరే సంగతి, దానికి 2008లో 6.5 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది, 2 కోట్లు నగదు, మిగతాది షేర్లు. తర్వాత ఆ షేర్ల విలువ మాకు ఎక్కువ చేసి చెప్పారు, రాజీ రద్దు చేయండి అని మళ్ళీ కోర్టుకెళ్ళారు, 2011లో అప్పీల్ కోర్టు కుదరదంది. ఓడిపోవడమే వాళ్ళ అదృష్టం, ఐపీఓ తర్వాత కొన్నేళ్ళలో ఆ షేర్లు ఎన్ని రెట్లు అయ్యాయో మీరే వేసుకోండి.

మాజీ భాగస్వామి:

ఎప్పుడూ చదవడమే గానీ రాయను. ఈ ఎడువార్డో మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా.

మేం ముగ్గురం. పేర్లూ ఊళ్ళూ వద్దు. మొదటి రెండేళ్ళు జీతం లేదు, వాటా ఉంది కదా అనే ధైర్యం. తర్వాత ఒక పెట్టుబడిదారు వచ్చాడు, కంపెనీని కొత్త కంపెనీగా మార్చాలన్నారు, కాగితాలొచ్చాయి. అరవై డెబ్భై పేజీలు. నేను ఆ రోజు ఒక క్లయింట్ సర్వర్ పడిపోతే దాని మీద ఉన్నా. సంతకాలు ఎక్కడ పెట్టాలో పసుపు రంగు చీటీలు అంటించి ఇచ్చారు, చీటీ కనిపించిన చోటల్లా పెట్టుకుంటూ పోయా. తొమ్మిది నెలల తర్వాత తెలిసింది నా వాటా మూడో వంతు నుంచి నాలుగు శాతానికి వచ్చిందని. సినిమాలోలాగా నేను లాప్‌టాప్ పగలగొట్టలేదు. ఇంటికొచ్చి పడుకున్నా. మర్నాడు ఆఫీసుకి కూడా వెళ్ళా, అదే నాకు ఇప్పటికీ అర్థంకాదు, ఎలా వెళ్ళానో.

కోర్టుకి వెళ్ళే ఓపిక లేదు, వెళ్ళలేదు. కొంత డబ్బు ఇచ్చారు, తీసుకుని బయటికొచ్చా. సినిమాలో నన్ను కదిలించిన ముక్క డైల్యూషన్ సీను కాదు. బల్లకి అటువైపు కూర్చున్న ఎడువార్డో, నీకున్న ఒక్క స్నేహితుణ్ణి నేనే అని చెప్పే ముక్క. అప్పటికి అంతా లాయర్ల భాషలోకి వెళ్ళిపోయింది కదా, ఆ మాట ఒక్కటి మాత్రం మామూలు మనిషి మాట. నాకు అలా చెప్పే అవకాశం కూడా రాలేదు, ఆ బల్లే పడలేదు మా మధ్య.

ఎర్ర ఇంకు:

మీరు రాసింది రెండుసార్లు చదివా. ఏం రాయాలో తెలియడం లేదు. ఆ సినిమా మీద నా కోపం అలాగే ఉంది గానీ, ఆ ముక్క విషయంలో మీతో ఉన్నా.

మూడో వరస:

మాజీ భాగస్వామి గారూ, వీలైతే బ్లాక్‌బెర్రీ చూడండి, 2023లో వచ్చింది, కెనడా కంపెనీ కథ. అందులో మొదట్నుంచీ ఉన్న స్నేహితుణ్ణి ఎవరూ కుట్ర చేసి తోసేయరు. కంపెనీ పెరుగుతూ పోతుంది, అతను ఉన్నచోటే ఉండిపోతాడు, అంతే. లేదా చూడకండి. మీకు ఇప్పుడు ఇలాంటివి చూడాలని ఉందో లేదో.

మాజీ భాగస్వామి:

చూశా. సగంలో ఆపేశా. 🙂 మిగతా సగం ఎప్పుడో చూస్తా.

ఆలస్యంగా చూసినవాణ్ణి:

అందరికీ థాంక్స్. ఇవాళ పొద్దున మా వాడికి ఈ పేజీ మొత్తం పంపా. చదివి ఫోన్ చేశాడు. నేనేదో అంటాడని భయపడుతుంటే, వాడు అప్పటికే నాలుగేళ్ళ వెస్టింగ్ అని ఒక కాగితం రాసి పెట్టుకున్నాడట రెండు వారాల క్రితమే, నేనేమనుకుంటానో అని చెప్పలేదట. అంటే అనుమానాలు నాకొక్కడికే కాదన్నమాట. సోమవారం ఇద్దరం కూర్చుని రాసుకుంటాం, చెరో లాయరుకి విడివిడిగా చూపిస్తాం.

ఇవాళ రాత్రి వాడితో కలిసి సినిమా మళ్ళీ చూడాలనుకుంటున్నా. ఈసారి దేన్ని గమనించమంటారు?

సెమికోలన్:

కవలల్ని. ఇద్దరిదీ ఒకే మొహం, ఆర్మీ హామర్‌ది. రెండోవాడి ఒళ్ళు జోష్ పెన్స్ అనే వేరే నటుడిది, షూటింగ్ అయ్యాక కంప్యూటర్లో అతని మొహం మీద హామర్ మొహం అతికించారు.

ఆలస్యంగా చూసినవాణ్ణి:

ఆగండి ఆగండి. ఆ ఇద్దరూ ఒక్కడేనా??